ఏటీవీకి ముందు వెడల్పు చేసే పని వేరు, వెనక వెడల్పు చేసే పని వేరు

ప్రశ్న క్లుప్తంగా ఇది: ముందు 25×8-12, వెనక 25×10-12 టైర్లున్న 570 సీసీ తరగతి యుటిలిటీ ఏటీవీ, అంటే పొలం పనులకి వాడే, హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి. గట్ల మీద, మలుపుల్లో ఒరుగుతున్నట్టు ఉంది. నాలుగు చక్రాలకూ అంగుళంన్నర స్పేసర్లు (హబ్‌కీ రిమ్‌కీ మధ్య బిగించే లోహపు దిమ్మలు) వేసి, ముందు కూడా వెనకవాటిలా పదంగుళాల టైర్లే బిగిస్తే నిలకడ పెరుగుతుందా?

ఒరుగుడు కొంత తగ్గుతుంది. కానీ బండి ఇప్పటికన్నా మొండిగా తిరుగుతుంది, రాయి తగిలినప్పుడల్లా హ్యాండిల్ చేతుల్ని లాగేస్తుంది. స్పేసర్లు వేయాల్సిందే అనుకుంటే ముందు చక్రాలకి మాత్రమే వేసి నడిపి చూడండి. వెనక సంగతి ఆ తర్వాత. ముందు టైరు వెడల్పు మాత్రం పెంచకండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది రెండు వేర్వేరు కొలతల్ని ఒకటే అనుకుని డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఆ రెండు కొలతల్లో మొదటిది టైరు వెడల్పు: 25×8-12లో (టైరు ఎత్తు, వెడల్పు, రిమ్ వ్యాసం, అన్నీ అంగుళాల్లో) 8. రెండోది ట్రాక్: ఎడమ టైరు నడిమధ్య నుంచి కుడి టైరు నడిమధ్య దాకా ఉన్న దూరం. బండి ఒరగడం, తిరగడం ప్రధానంగా ట్రాక్ మీద ఆధారపడతాయి. నేలని పట్టుకోవడం, బురదలో దిగడం లేదా తేలడం టైరు వెడల్పు మీద ఆధారపడతాయి. వీటిని విడివిడిగా చూడకపోతే లెక్క తప్పుతుంది. బయటి అంచు నుంచి బయటి అంచుకి ముందూ వెనకా సమానంగా 1200 మి.మీ. ఉన్న బండిని తీసుకోండి. ముందు టైరు 8 అంగుళాలు, అంటే 203 మి.మీ. కాబట్టి ముందు ట్రాక్ 997 మి.మీ. వెనక టైరు 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. కాబట్టి వెనక ట్రాక్ 946 మి.మీ. పక్కన నిలబడి చూస్తే రెండూ సమానంగానే కనిపిస్తాయి, కానీ వెనక ట్రాక్ 51 మి.మీ. తక్కువ. కంపెనీ వాళ్లు వెనక ఇరుకుగా ఉంచడం పొరపాటు కాదు, దానికి గట్టి కారణం ఉంది.

ఆ కారణం వెనక యాక్సిల్. స్పోర్ట్ క్వాడ్లలో (పందేలకి, దూకుళ్లకి వాడే తేలిక ఏటీవీలు) దాదాపు అన్నిటిలోనూ, యుటిలిటీ బళ్లలో చాలావాటిలోనూ వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, లేదా లాకై ఉంటుంది. రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టు, లోపలి చక్రం చిన్న చుట్టు తిరగాలి కదా. 90 డిగ్రీల మలుపులో ఆ తేడా ఎంతో తెలుసుకోవాలంటే ట్రాక్‌ని 1.57తో గుణిస్తే చాలు. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఇదే లెక్క. 946 మి.మీ. ట్రాక్‌కి తేడా 1.49 మీటర్లు. అంగుళంన్నర స్పేసర్లు రెండు పక్కలా వేస్తే ట్రాక్ 1022 మి.మీ. అవుతుంది, తేడా 1.6 మీటర్లు దాటుతుంది. ఈ దూరమంతా టైర్లు నేల మీద రాచుకుంటూ, జారుతూ సర్దుకోవాల్సిందే. సర్దుకునేటప్పుడు లోపలి చక్రం బండిని ముందుకి తోస్తుంది, బయటి చక్రం వెనక్కి పట్టి ఉంచుతుంది. రెండూ కలిసి బండిని తిరగనివ్వకుండా నేరుగా పోనిద్దామని చూస్తాయి. చక్రాలు ఎంత దూరంగా ఉంటే ఆ మొండితనానికి అంత బలం. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా ముందు టైర్లు పక్కకి జారుతూ బండి నేరుగా పోవడానికి, అంటే ముందు భాగం తోసుకుపోవడానికి, మూలకారణం చాలాసార్లు ఇదే. జనం నింద మాత్రం ముందు టైర్ల మీద వేస్తారు.

స్పోర్ట్ క్వాడ్‌లో ఇంకో సంగతి కూడా కలుస్తుంది. స్వింగ్ ఆర్మ్‌కి (వెనక భాగాన్ని పైకీ కిందకీ కదలనిచ్చే చేయి) బిగించిన గట్టి యాక్సిల్ కాబట్టి చట్రం వెనక యాక్సిల్‌ని వదిలి విడిగా ఒరగలేదు. మలుపులో వెనక ఒరుగుడుని ఆపేది దాదాపుగా టైర్లే. అందువల్ల ఒరుగుడు భారంలో పెద్ద వాటా వెనక పడుతుంది, లోపలి వెనక చక్రం త్వరగా తేలికవుతుంది. అది తేలికైతేనే లాకైన యాక్సిల్ మొండితనం తగ్గి క్వాడ్ తిరుగుతుంది. వెనక ట్రాక్ బాగా పెంచితే ఆ చక్రం బరువు వదలదు, క్వాడ్ తిరగదు. మరీ ఇరుకైతే చక్రం పూర్తిగా గాల్లోకి లేచి బోల్తాకి దారి తీస్తుంది. ఈ రెండింటి మధ్య సరైన కొలత వెతకడమే వెనక సెట్టింగ్. యుటిలిటీ బళ్లలో వెనక చక్రాలు విడివిడి సస్పెన్షన్‌తో ఉన్నా, వెనక లాక్‌లో ఉన్నంతసేపూ ఈ లాగులాట ఉంటుంది. వెనక డిఫరెన్షియల్ విడదీసే స్విచ్చు ఉన్న మోడల్ అయితే గట్టి నేల మీద ఆ స్విచ్చు వేసి ఒకసారి తిప్పి చూడండి. హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైతే మీ బాధకి మూలం ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

ముందు ట్రాక్ పని వేరు. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి మారుతుంది. ఎంత మారుతుందంటే: మొత్తం బరువుని మలుపు తీవ్రతతో, గురుత్వ కేంద్రం ఎత్తుతో గుణించి ట్రాక్‌తో భాగించాలి. బండి, మనిషి కలిపి 400 కిలోలు, కేంద్రం ఎత్తు 620 మి.మీ., సగటు ట్రాక్ 970 మి.మీ., పక్కకి లాగే బలం బరువులో 0.4 వంతు అనుకుందాం. 102 కిలోలు మారతాయి. రెండు పక్కలా అంగుళంన్నర పెంచితే ట్రాక్ 1046, మారేది 95 కిలోలు. టైరు మీద బరువు పెరిగే కొద్దీ పట్టు అదే నిష్పత్తిలో పెరగదు. బయటి ముందు టైరు ఒక్కదాని మీద అతి బరువు పడటం తగ్గి లోపలిది కూడా పని చేస్తే ముందు పట్టు మెరుగవుతుంది. ముందు యాక్సిల్‌కి లాక్ లేకపోతే, లేదా టూ-వీల్ డ్రైవ్‌లో ఉంటే, వెనక చెప్పిన మొండితనం ముందు ఉండదు. అందుకే ముందు వెడల్పుకి లాభం ఎక్కువ, వెనక వెడల్పుకి నష్టం ఎక్కువ. మలుపుల్లో బాగా తిరిగే క్వాడ్లలో ముందు బయటి కొలత వెనకదానితో సమానంగానో, ఒక అంగుళం ఎక్కువగానో ఉంటుంది.

నిలకడ విషయంలో కూడా అంకెలు చూసి మాట్లాడుకుందాం, ఎందుకంటే స్పేసర్ల మీద ఆశలు అవసరానికి మించి ఉంటాయి. సగటు ట్రాక్‌లో సగాన్ని కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి ఎంత వాలులో తిరగబడుతుందో కాగితం మీద వస్తుంది. 485ని 620తో భాగిస్తే 0.78, అంటే 38 డిగ్రీలు. నాలుగు స్పేసర్లూ వేశాక 40 డిగ్రీలు. పెరిగింది 2 డిగ్రీలు. ముందు మాత్రమే వేస్తే అందులో సుమారు సగం. నేల మీద ఇంకా తక్కువ కోణంలోనే బోల్తా పడుతుంది, ఎందుకంటే కింది పక్క టైర్లు, షాకులు నొక్కుకుపోతాయి. దీనితోపాటు 27 అంగుళాల టైర్లు కూడా వేశారనుకోండి. కేంద్రం 25 మి.మీ. పైకి పోతుంది, ఒక డిగ్రీ వెనక్కి పోతుంది. స్పేసర్లకి పెట్టిన డబ్బులో సగం అక్కడే ఆవిరి.

అదే 80 కిలోల మనిషి సీటు మీద 150 మి.మీ. పై పక్కకి జరిగి కూర్చుంటే మొత్తం కేంద్రం 30 మి.మీ. జరుగుతుంది. 38 మి.మీ. స్పేసర్లు ఇచ్చే లాభంలో ఇది నాలుగింట మూడు వంతుల పైనే. ఖర్చు లేదు, బేరింగ్ అరగదు. గట్టు దాటేటప్పుడు ఒళ్లు పై పక్కకి వంచడం, మలుపులో లోపలికి వంగి బయటి ఫుట్‌పెగ్ మీద బరువు వేయడం నేర్చుకున్నాకే స్పేసర్ల గురించి ఆలోచించాలి. వెనక ర్యాక్ మీద మందు డ్రమ్ము, గడ్డి మోపు పెడితే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ర్యాక్ మీద 40 కిలోలు మీటరు ఎత్తున ఉంటే కేంద్రం సుమారు 35 మి.మీ. పైకి పోతుంది. ఆ బరువుని నేలకి దగ్గరగా ఉండే చిన్న ట్రాలీలోకి మార్చడం స్పేసర్లకన్నా పెద్ద మందు.

ట్రాక్ మరీ తగ్గిపోతే ఏమవుతుందో మూడు చక్రాల ఏటీవీలు చూపించాయి. ముందు ఒకటే చక్రం, అంటే ముందు ట్రాక్ సున్నా. అమెరికాలో 1988 నాటి ఒప్పందంతో తయారీదారులు వాటి అమ్మకం ఆపేశారు.

ఇప్పుడు స్పేసర్లకీ, పొడుగు ఏ-ఆర్మ్‌లకీ (ముందు చక్రాన్ని చట్రానికి కలిపే A ఆకారపు చేతులు) తేడా. రెండూ ట్రాక్ పెంచుతాయి కానీ బండిలో మార్చేవి వేరు వేరు. స్పేసర్ వేస్తే స్ప్రింగ్ మెత్తబడిపోతుందని తరచూ వింటుంటాం. రెండు ఏ-ఆర్మ్‌లున్న ముందు సస్పెన్షన్‌లో చక్రం దాదాపు నిలువునా పైకీ కిందకీ కదులుతుంది కాబట్టి స్పేసర్ వల్ల స్ప్రింగ్ మీద పడే తేడా చాలా స్వల్పం. పొడుగు ఏ-ఆర్మ్ సంగతి అలా కాదు. ఆర్మ్ పొడవు 400 మి.మీ., షాకు పిన్ను లోపలి చివర నుంచి 240 మి.మీ. దగ్గర ఉంటే నిష్పత్తి 0.6, దాని వర్గం 0.36. ఆర్మ్ 450 మి.మీ. చేసి షాకు పిన్ను అక్కడే ఉంచితే నిష్పత్తి 0.533, వర్గం 0.284. చక్రం దగ్గర స్ప్రింగ్ బలం 21 శాతం పడిపోయింది. అందుకే రెండంగుళాలు పొడుగు పెంచిన ఆర్మ్‌లు వేసినవాళ్లు దానికి తగ్గ గట్టి స్ప్రింగులు లేదా కొత్త షాకులు కూడా వేస్తారు. వేయకపోతే దూకినప్పుడల్లా ముందు అడుక్కి కొట్టుకుంటుంది. ఫోర్-వీల్ డ్రైవ్ బండికి పొడుగు ఆర్మ్‌లంటే పొడుగు సీవీ యాక్సిళ్లు (చక్రానికి శక్తినిచ్చే మడిచే ఇరుసులు) కూడా కావాలి. స్పేసర్‌కి అవేమీ అక్కర్లేదు.

మరి స్పేసర్ చెడగొట్టేదేమిటి? స్క్రబ్. చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత నేలని తాకే చోటుకీ టైరు నడిమధ్యకీ ఉన్న దూరం అది. 40 మి.మీ. ఉన్నచోట 38 మి.మీ. స్పేసర్ వేస్తే 78 అవుతుంది. ఒక ముందు చక్రం రాయికో వేరుకో తగిలినప్పుడు హ్యాండిల్‌ని తిప్పే బలం దాదాపు రెట్టింపు. పొడుగు ఆర్మ్‌లో బాల్ జాయింట్లు కూడా చక్రంతోపాటే బయటికి జరుగుతాయి కాబట్టి స్క్రబ్ పెరగదు. గులకరాళ్ల దారిలో, దున్ని ఎండిన పెళ్లల్లో స్పేసర్లున్న బండి నడిపితే థ్రాటిల్ మీద లేని చేతి బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకుండా పైన ఆనించి ఉంచండి. హ్యాండిల్ విసిరినప్పుడు మొదట దెబ్బ తినేది అదే. ఫోర్-వీల్ డ్రైవ్ వేసినప్పుడు రెండు ముందు చక్రాల లాగుడు సమానంగా లేకపోతే ఆ తేడా కూడా ఇదే దూరంతో గుణించుకుని హ్యాండిల్‌కి వస్తుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో చేతికి ఇదంతా తెలియదు. కానీ టై రాడ్ (హ్యాండిల్ కదలికని చక్రానికి చేర్చే కడ్డీ) చివరలు, హబ్ బేరింగులు ఆ బలాన్ని మోస్తూనే ఉంటాయి, తొందరగా అరుగుతాయి.

వెనక స్పేసర్ మోయించేది యాక్సిల్ చేత. స్వింగ్ ఆర్మ్ బేరింగ్ నుంచి చక్రం నడిమధ్య దాకా 300 మి.మీ. ఉన్నచోట 50 మి.మీ. స్పేసర్ పెడితే యాక్సిల్‌ని వంచే బలం ఆరో వంతు పెరుగుతుంది. దూకే క్వాడ్‌లో ఇది యాక్సిల్ వంగడానికి దారి తీస్తుంది. వంగిందో లేదో చూడాలంటే వెనక భాగం ఎత్తి చక్రం తిప్పుతూ రిమ్ అంచుకి దగ్గరగా ఒక కర్ర స్థిరంగా పట్టుకోండి. రెండు చక్రాలూ ఊగితే యాక్సిల్ అనుమానించండి, ఒకటే ఊగితే మొదట దాని రిమ్మునీ హబ్బునీ చూడండి. పాత యమహా బాన్షీ లాంటి ఇరుకు క్వాడ్‌ని, దాని మొత్తం వెడల్పు 1100 మి.మీ. మాత్రమే, వెడల్పు చేసేవాళ్లు ముందు రెండంగుళాలు పొడుగు పెంచిన ఆర్మ్‌లు, వెనక నాలుగంగుళాలు పొడుగు పెంచిన యాక్సిల్ వేయడం మామూలు. అక్కడ ఆర్మ్ లెక్క ఒక్కో పక్కకి, యాక్సిల్ లెక్క రెండు పక్కలకీ కలిపి. ఇది తెలియక వెనక ఒక్కో పక్కకి నాలుగంగుళాలు అనుకుని ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు, జాగ్రత్త. కొనేటప్పుడు హబ్ స్థానం మార్చుకునే సర్దుబాటు యాక్సిల్ తీసుకుంటే వెనక వెడల్పు మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ సరైన కొలత పట్టుకోవచ్చు.

యమహా తానే ఈ విషయంలో రెండు దారులు చూపించింది. 2009లో వచ్చిన వైఎఫ్‌జెడ్450ఆర్ క్వాడ్ మోటోక్రాస్ (మట్టి మైదానం పందేలు) కోసం, వెడల్పు 48.8 అంగుళాలు. 2010లో వచ్చిన వైఎఫ్‌జెడ్450ఎక్స్ చెట్ల మధ్య దారుల కోసం, 46.1 అంగుళాలు. పందెం మైదానంలో పెద్ద మలుపులు, దూకుళ్లు ఉన్నచోట వెడల్పు, చెట్ల సందుల్లో దూరాల్సినచోట ఇరుకు. వెడల్పు ఎంత ఉండాలన్నది నడిపే చోటే నిర్ణయిస్తుంది.

టైరు వెడల్పు దగ్గరికి వద్దాం. ముందు ఎనిమిది, వెనక పది ఎందుకు? టైరు నేలని తాకే విస్తీర్ణం ముఖ్యంగా బరువు, గాలి మీద ఆధారపడుతుంది. ముందు చక్రం మీద 90 కిలోలు, గాలి 5 పీఎస్ఐ ఉంటే విస్తీర్ణం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. సన్న టైరులో అది పొడుగ్గా, వెడల్పు టైరులో పొట్టిగా అడ్డంగా పరుచుకుంటుంది. సన్న ముందు టైరు మెత్తటి నేలలోకి కొంచెం దిగి, అంచుతో మట్టిని పట్టుకుని తిప్పుతుంది. పదంగుళాలది పైపైన తేలుతూ, హ్యాండిల్ తిప్పినా ముందుకే జారుతుంది. బరువు కూడా ఎక్కువ. వెనక మాత్రం లాగుడు కావాలి, ర్యాక్ బరువు మోయాలి, కాబట్టి అక్కడ వెడల్పు పనికొస్తుంది. ఒక లాభం మాత్రం ఒప్పుకోవాలి: నాలుగూ ఒకే వెడల్పు ఉంటే వెనక టైర్లు ముందువాటి గాడిలోనే నడుస్తాయి, బురదలో లాగుడు తేలికవుతుంది. అలా కావాలంటే నాలుగూ తొమ్మిది చేయండి, పది కాదు. అప్పుడు వెనక పట్టు కొంచెం తగ్గి వెనక భాగం త్వరగా జారుతుందని తెలిసి నడపండి.

నేలని బట్టి తీర్పు మారుతుంది. వరి మడిలో కింద గట్టి పొర ఉంటుంది కాబట్టి గొళ్లేలు (టైరు మీది రబ్బరు దిమ్మెలు) ఎత్తుగా ఉన్న సన్న టైరు దాని దాకా దిగి పట్టు దొరుకుతుంది. వానలో నానిన నల్లరేగడిలో వెడల్పు టైరు గొళ్లేల మధ్య మట్టి నిండిపోయి నున్నటి రోలర్ అయిపోతుంది. గొళ్లేల మధ్య ఎడం ఎక్కువున్న టైరు, కొంచెం ఎక్కువ గాలి అక్కడ మేలు. పొడి ఎర్రమట్టి మీద చిన్న గులకరాళ్లుంటే ముందు ఎనిమిదే ఉంచండి. ఇసుకలో వెనక వెడల్పు నిజంగా అవసరం, ముందు సన్నటి గీతల టైరు చాలు.

ఫోర్-వీల్ డ్రైవ్ బండికి ఇంకో షరతు ఉంది. ముందు వెనక టైర్ల చుట్టుకొలతలు కంపెనీ ఇచ్చిన నిష్పత్తిలోనే ఉండాలి. పక్కన ఒకే సైజు రాసి ఉన్నా వేరే కంపెనీ టైరు అర అంగుళం పొట్టిగానో పొడుగ్గానో ఉండవచ్చు. టైరు మీద, నేల మీద సుద్దతో గీత గీసి, మనిషి కూర్చుని ఉండగా బండిని ఒక చుట్టు దొర్లించి దూరం కొలవండి. పాత టైర్లతోనూ కొత్త టైర్లతోనూ ఇలా కొలిచి, ముందు వెనక తేడా 20 మి.మీ. కన్నా ఎక్కువ మారితే ఆ జత వేయకండి. కొన్ని బళ్లలో వెనక చక్రాలు జారినప్పుడు మాత్రమే ముందు చక్రాలు తమంతట తాము అందుకుంటాయి. అలాంటి బండికి ముందు టైరు పెద్దదైతే అవసరం లేకున్నా అందుకుని బిగుసుకుపోతుంది, చిన్నదైతే వెనక బాగా జారేదాకా అందుకోదు.

ట్రాక్ మార్చడానికి మూడో దారి రిమ్ ఆఫ్‌సెట్. ఏటీవీ రిమ్‌ల మీద 5+2, 4+3 లాంటి అంకెలుంటాయి. మొదటిది బిగించే ముఖం నుంచి లోపలికి, రెండోది బయటికి, అంగుళాల్లో. 12×7 రిమ్‌ని 5+2 నుంచి 4+3కి మారిస్తే ఒక్కో చక్రం అంగుళం బయటికి వస్తుంది, ట్రాక్ 51 మి.మీ. పెరుగుతుంది. స్పేసర్ పడే చోటే ఇదీ బలం వేస్తుంది, స్క్రబ్ కూడా అంతే పెరుగుతుంది, కానీ అదనపు నట్లు, కీళ్లు లేవు. టైర్లతోపాటు రిమ్‌లు కూడా మార్చాల్సి వస్తే స్పేసర్ కన్నా ఇదే మంచిది. ఉన్న రిమ్‌నే తిప్పి బిగించడం మాత్రం చేయొద్దు. నట్టు కూర్చునే ఏటవాలు గుంట ఒక పక్కే ఉంటుంది, తిప్పితే నట్టు సరిగ్గా కూర్చోక వదులవుతుంది.

స్పేసర్లు వేసేటప్పుడు చూసుకోవాల్సినవి:

నాలుగు నట్ల మధ్య కొలత ముందుగా సరిచూడండి; 4/110 అంటే 110 మి.మీ. వృత్తం మీద నాలుగు నట్లు. హోండా, యమహా యుటిలిటీ బళ్లు ఎక్కువగా 4/110, కాన్-యామ్ 4/137, పొలారిస్ 4/156. యమహా స్పోర్ట్ క్వాడ్లలో ముందు 4/144, వెనక 4/115, అంటే ముందు కొన్నవి వెనక పట్టవు. స్పేసర్ తన సొంత స్టడ్లతో (నట్టు ఎక్కే బోల్టులు), హబ్ మధ్య భాగానికి సరిగ్గా కూర్చునేదై ఉండాలి. ఆ రకం 25 మి.మీ. కన్నా పలచగా దొరికితే లోపలి నట్లు ముఖం మీంచి పొడుచుకువచ్చి రిమ్ కూర్చోదు. పాత స్టడ్ మీదే తొడిగే పలక రకం వాడితే మిగిలే మర చాలకపోవచ్చు. 10 మి.మీ. స్టడ్, 1.25 మర అయితే నట్టు కనీసం 8 పూర్తి చుట్లు ఎక్కాలి, తక్కువైతే ఆ స్పేసర్ తీసేయండి.

హబ్ ముఖం మీద తుప్పు, రంగు, మట్టి వైర్ బ్రష్‌తో తీసేయండి. అక్కడ మిగిలిన పొరే తర్వాత నలిగి నట్లు వదులవడానికి కారణం. స్పేసర్ నట్లు, చక్రం నట్లు రెండింటినీ అడ్డంగా ఎదురెదురుగా, రెండు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. మాన్యువల్‌లో రాసిన అంకే వాడండి, 10 మి.మీ. స్టడ్లకి ఇది సాధారణంగా 45 నుంచి 65 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. తొలి 30 కిలోమీటర్ల తర్వాత చక్రం విప్పి లోపలి నట్లు కూడా మళ్లీ బిగించాలి. చాలామంది బయటివి మాత్రమే చూస్తారు, ఊడేవి లోపలివి. తర్వాత హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, సస్పెన్షన్ నొక్కి చూసి, టైరు ఎక్కడైనా ప్లాస్టిక్‌కి తగులుతుందేమో చూడండి. టైరు ఫెండర్ దాటి బయటికి వస్తుంది కాబట్టి బురద ముఖం మీదికి ఎగురుతుంది. ఫెండర్ పొడిగింపులు కూడా కొనాల్సి వస్తుంది.

టో, అంటే ముందు చక్రాలు ఎంత లోపలికి చూస్తున్నాయో, కొలవండి. మనిషి కూర్చున్న స్థితిలో ముందు టైర్ల నడిమధ్య గీతల దూరాన్ని టైరు ముందు పక్క, వెనక పక్క, ఇరుసు ఎత్తులో కొలిస్తే ముందు దూరం 3 నుంచి 6 మి.మీ. తక్కువ ఉండటం చాలా బళ్లకి సరిపోతుంది. ముందు తెరుచుకుని ఉంటే నేరుగా పోయేటప్పుడు బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటని కొందరు వెడల్పు చాలకపోవడం అనుకుంటారు.

పరీక్ష ఇలా చేయండి. గాలి ముందుగా సరిచేయాలి: యుటిలిటీకి 5 నుంచి 7, స్పోర్ట్‌కి 4 నుంచి 5 పీఎస్ఐ, స్టిక్కర్ మీద రాసిందే ప్రమాణం. కారు గేజ్ ఇంత తక్కువ గాలిని నిజంగా చూపించలేదు, 0 నుంచి 10 దాకా ఉండే గేజ్ కావాలి. ఒక పీఎస్ఐ తేడాకే నడక మారిపోతుంది. చదునైన గట్టి మట్టి నేల మీద ఎనిమిది మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గుర్తులు పెట్టుకుని, టూ-వీల్ డ్రైవ్‌లో, గంటకి 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి. ముందు భాగం గుర్తులు దాటి బయటికి పోతే వెనక వెడల్పు తగ్గించాలి, లేదా ముందు గాలి అర పీఎస్ఐ తగ్గించాలి. వెనక భాగం బయటికి ఊగితే వెనక గాలి అర తగ్గించి చూడండి. లోపలి వెనక చక్రం పదే పదే లేస్తుంటేనే వెనక కొద్దిగా, ఒక్కో పక్కకి అర అంగుళం నుంచి అంగుళం దాకా, వెడల్పు చేయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అంగుళం కన్నా పలచని సర్దుబాటుకి రిమ్ ఆఫ్‌సెట్టో, సర్దుబాటు యాక్సిలో వాడాలి, పలక స్పేసర్లు కాదు.

మీ బండికి వరస ఇలా పెట్టుకోండి: గాలి, టో, షాకుల ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో), ర్యాక్ బరువు, ఆ తర్వాత ముందు ఒక అంగుళం స్పేసర్. అంగుళంన్నర వద్దు, అంగుళంతో స్క్రబ్ నష్టం మూడో వంతు తగ్గుతుంది. వెనక అలాగే వదిలేయండి. మీ పొలం గేటు, ట్రాలీ రాంపు వెడల్పు కూడా కొలుచుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకోటి గమనించాలి: ఫారెస్ట్ సర్వీస్ దారుల్లో చాలావాటికి 50 అంగుళాల హద్దు ఉంది. 48 అంగుళాల బండికి నాలుగు చక్రాలకీ అంగుళంన్నర వేస్తే 51 అయిపోయి దారిలోకి రానివ్వరు. ఇక్కడ ట్రాక్టరుగా రిజిస్టరైన ఏటీవీ అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ కొలతలకి భిన్నమైన మార్పులు కుదరవు కాబట్టి, రోడ్డెక్కే ముందు ఆర్టీఓ దగ్గర కనుక్కోండి.

పిల్లల 110, 125 సీసీ క్వాడ్లకి స్పేసర్లు అసలు వేయకండి. వాటి యాక్సిళ్లు సన్నం, హబ్బులు పలచన, వెనక గట్టి యాక్సిల్ వల్ల అవి ఇప్పటికే మొండిగా తిరుగుతాయి. వెనక ఇంకా వెడల్పు చేస్తే పిల్లలు హ్యాండిల్ తిప్పలేక చెట్టు వైపే నేరుగా పోతారు. వాటికి స్టిక్కర్ మీద రాసిన గాలి, బిగుతైన నట్లు, వేగం తగ్గించే థ్రాటిల్ స్క్రూ చాలు.